ముద్దాయి పన్ను

నల్లకోటు కొత్తగా తొడుక్కున్న ఆ కాలంలో నాకు లోకమంతా వాదించదగ్గ కేసులాగే కనిపించేది. కూరలో ఉప్పెక్కువైతే వండినవాళ్ళ తరఫున ఒక వాదన, తిన్నవాళ్ళ తరఫున ఒక వాదన అప్పటికప్పుడు తయారుచేసి ఇంట్లోవాళ్ళ ప్రాణం తీసేదాన్ని. అనంతపురంలో లా చదివి, బెంగళూరు వచ్చి, బ్రూక్‌ఫీల్డ్‌లో ఉన్న మా అక్క ఇంట్లో దిగాను. అక్కా బావా ఇద్దరూ కంప్యూటర్ ఉద్యోగాలు. నేను మాత్రం పొద్దున్నే తెల్లచీర, నల్లకోటు వేసుకుని ఆటో కోసం నిలబడేదాన్ని. (ఆ కోటు నాకు కాస్త వదులు. కుట్టిన టైలరు "ముందు ముందు ఒళ్ళొస్తుంది లెండి మేడం" అని భరోసా ఇచ్చాడు. ఆయన మాట నిజమైంది గాని, దానికి పదేళ్ళు పట్టింది.) ఆటోవాళ్ళు ఎక్కించుకుని, అద్దంలోంచి ఒకసారి చూసి, "ఏ హోటల్ మేడం?" అని అడిగేవారు. నేను లాయర్ని అని చెప్పేదాన్ని. వాళ్ళు నమ్మినట్టు తల ఊపేవారు.

మా సీనియరుగారి ఆఫీసులో అన్నీ భూమి తగాదాలే. అవి తండ్రి దగ్గర్నుంచి కొడుక్కి వారసత్వంగా వచ్చే రకం కేసులు. నా పనల్లా ఆయన సంచీ మోయడం, ఆయన రాని రోజు జడ్జిగారి ముందు నిలబడి వాయిదా అడగడం. వాయిదా అడగడంలో నాకు మంచి పేరే వచ్చింది. కానీ గొంతెత్తి వాదించే అవకాశం కోసం లోపల ఒకటే ఆరాటం. ఎవరైనా ఏదైనా నేరం చేసి నా దగ్గరికొస్తే బాగుండునని దేవుణ్ణి కోరుకునేదాన్నంటే అప్పటి నా పరిస్థితి మీరే ఊహించుకోండి.

దేవుడు ఆలకించాడు. మా అక్క కూతుర్ని స్కూలుకి తీసుకెళ్ళే వ్యాను ఒక రోజు సాయంత్రం రాలేదు. అక్క ఫోను మోగడం మొదలుపెట్టింది. తల్లిదండ్రుల వాట్సాప్ గుంపులో ఒకటే గోల. పొద్దున పోలీసులు స్కూలు వ్యాన్ల డ్రైవర్లందరి చేతా గొట్టం ఊదించారట, మన వ్యాన్ డ్రైవరు దొరికిపోయాడట. అరగంటలో ఆ గుంపు విచారణ జరిపి, నేరం నిర్ధారించి, శిక్ష కూడా వేసేసింది. ఆయన కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయని ఒకరు, నవ్వు తేడాగా ఉంటుందని ఇంకొకరు. పిల్లలంతా ఆయన్ని వ్యాన్ మామ అనేవాళ్ళు. మాకూ అదే అలవాటైంది. యాభై దగ్గర పడిన మనిషి, హొసకోటెలో తాతల నాటి నుంచి స్థిరపడిన తెలుగువాళ్ళు. మా అక్క కూతురు నిద్రమొహంతో బూటు లేకుండా కిందికి పోతే, ఆ బూటు కోసం తనే మెట్లెక్కి వచ్చే మనిషి. మా అక్క ఆ గుంపులో ఏమీ రాయలేదు. "ఆయనా? పొద్దున్నేనా?" అని మాత్రం తనలో తనే అనుకుంది. అనుకుంది గాని, రేపట్నుంచి పిల్లని ఎవరు దింపాలి అని బావతో మాట్లాడటం కూడా అప్పుడే మొదలుపెట్టింది.

చీకటి పడకముందే ఆయనే మా గుమ్మంలోకి వచ్చాడు, బస్సెక్కి. వ్యాను పోలీసుల దగ్గరుంది. చెప్పులు బయటే విడిచి, లోపలికి రమ్మన్నా రాకుండా, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సాయంత్రం పిల్లోళ్ళని తెచ్చేకి కాలేదమ్మా. మీరంతా ఎట్ల తంటాలు పడినారో ఏమో. అది చెప్పిపోదామని ఇల్లిల్లూ తిరుగుతావుండా" అన్నాడు అక్కతో. ఎన్ని ఇళ్ళు తలుపు తీశాయో అక్క అడగలేదు, ఆయన చెప్పలేదు. పోబోతూ, కుర్చీ మీద వేలాడుతున్న నా కోటు చూసి ఆగాడు. "ఇంట్లో లాయరెవరన్నా ఉండారా అమ్మా?" అన్నాడు. నేనే అన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూడలేదు. వయసు అడగలేదు. "అట్లనా అమ్మా. దేవుడే తోడొచ్చినాడు" అన్నాడు. బెంగళూరులో నేను లాయర్నంటే ఒక్క మాటకే నమ్మిన మొదటి మనిషి ఆయనే. ఆ క్షణమే ఆయన నిర్దోషి అని నేను తీర్మానించుకున్నాను.

కూర్చోబెట్టి సంగతంతా చెప్పించాను. చెబుతుంటే ఒక బుగ్గ కాస్త ఉబ్బినట్టు కనిపించింది. కింది దవడ పన్ను పుచ్చిపోయి కొన్నాళ్ళుగా సలుపుతోంది. ఆయనకి పులన్నా పామన్నా భయం లేదు గాని, పళ్ళ డాక్టరంటే ప్రాణం పోతుంది. అందుకని మందుల షాపులో లవంగనూనె కలిపిన పంటి మందు ఒక చిన్న సీసా కొని వ్యాన్లో దాచుకున్నాడు. అందులో స్పిరిట్ ఉంటుందని ఆయనకి తెలియదు, ఘాటుగా ఉంటుందని మాత్రం తెలుసు. ఆ పొద్దున పిల్లల్ని స్కూల్లో దింపి, బండి గేటు పక్కన పెట్టి ఆపేసి, దూది తడిపి పంటి మీద పెట్టుకున్నాడు. నొప్పి బాగా ఉందని ఇంకాస్త తడిపాడు. అప్పుడే కానిస్టేబుల్ కిటికీ తట్టాడు.

"గొట్టమూదమన్నాడు, ఊదినా. అది కుయ్యిమనింది. ఆయప్ప నా మొగం చూసి కన్నడంలో 'ఎణ్ణె హాకిదీయేనప్పా?' అన్నాడు. ఈయప్పకి నా పంటి సంగతి ఎట్ల తెలిసిందబ్బా అనుకుంటి. 'హౌదు సార్, స్వల్ప హాకిదీని' అంటి."

నేను తల పట్టుకున్నాను. కన్నడంలో ఎణ్ణె అంటే నూనె. బెంగళూరు వీధుల్లో మాత్రం ఎణ్ణె వేసుకోవడం అంటే తాగడం. అంటే, తాగావా అని పోలీసు అడిగితే, అవును సార్, కొంచెం తాగాను అని మా క్లయింటు సంతోషంగా ఒప్పుకొన్నాడన్నమాట. "హొసకోటెలోనే పుట్టి పెరిగారు కదా, ఆ మాట మీకు తెలియదా?" అన్నాను. "తెల్దేమమ్మా, నేనూ ఒకప్పుడు దండిగా ఏసుకున్నోణ్ణే. అయితే ఆ పొద్దు పంటి నొప్పికి తలకాయంతా అదే ఉండాది. వేరే ఎణ్ణె గ్యాపకానికే రాలా" అన్నాడు. తర్వాత సంగతి అర్థమై, నోరు కడుక్కొస్తాను, ఇంకోసారి ఊదించండి సార్, కావాలంటే రక్తం తీసి చూడండి అని బతిమాలాడట. అందరూ అదే చెప్తారు అని కాగితం రాసి ఇచ్చేశారట. వ్యాను ఓనరు కేసు తేలేదాకా రావద్దన్నాడు.

మర్నాడు మా సీనియరుగారికి చెప్పాను. ఆయన పేపరు మీంచి తలెత్తకుండా, "జుల్మానా కట్టించి పంపించెయ్యమ్మా" అన్నారు. కడితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందనీ, లైసెన్సు ఆగిపోతుందనీ, స్కూలు వ్యాను ఆయనకి ఇంక ఎవరూ ఇవ్వరనీ నేను ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఆయన పేపరు మడిచారు. "సరే, నువ్వే నడుపు. ఓడినా ఎవరికీ తెలియదు, గెలిచినా ఎవరికీ తెలియదు. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి కేసు దొరకదు" అన్నారు. ఆశీర్వాదమో కాదో తేల్చుకోకుండానే ఆయన కాళ్ళకి దండం పెట్టి బయటపడ్డాను.

ఆ వారం నేను తిన్నానో లేదో గుర్తులేదు. పుస్తకాల్లోంచి వాదనలు పుట్టలోంచి చీమల్లా బయటికొచ్చాయి. బండి ఆగి ఉంది కాబట్టి అసలు 'నడపడం' జరగలేదని ఒక వాదన. ఆ మిషన్‌ని ఎప్పుడు సరిచూశారో కాగితం చూపించమని ఒక వాదన. నోట్లో మిగిలిన స్పిరిట్ వేరు, ఒంట్లోకి దిగిన సారా వేరు, కాసేపాగి మళ్ళీ ఊదిస్తే తేడా తెలిసిపోయేదని ఒక వాదన. అడిగినా రక్తపరీక్ష చేయలేదని ఇంకొకటి. పోలీసు ముందు ఒప్పుకున్నది ఒప్పుకోలే కాదని మరొకటి. (మా బావ ఆఫీసు స్నేహితులు వాళ్ళ వంతు సలహాలు పంపారు. ఆయనకి ఆస్తమా ఉందనమని ఒకరు. ఊదింది ఆయన కాదు, పక్కవాడనమని ఒకరు. ఈ రెండోదాన్ని నేను ఒక పూటంతా ఆలోచించాను.) అన్నిటినీ వరసలో పెట్టుకుని, ఆదివారం మధ్యాహ్నం, వాళ్ళ చర్చిలో ప్రార్థన అయ్యాక, హొసకోటె వెళ్ళాను.

ఇంట్లో వ్యాన్ మామ భార్య ఉంది. ఆమె గుంటూరు వైపు మనిషి, వైట్‌ఫీల్డ్ దగ్గర ఆసుపత్రిలో నర్సు. వీధిలో అందరూ సిస్టరక్క అంటారట. తెల్లగా ఉతికిన చీర, నుదుటి మీద బొట్టు లేని ప్రశాంతమైన ముఖం, ఎదుటివాళ్ళ నాడి దూరం నుంచే చూసేసే కళ్ళు. నేను ఫైలు తెరిచి ఒక్కో వాదనా వినిపించాను. మధ్యలో టీ వచ్చింది, పకోడీ వచ్చింది. వ్యాన్ మామ పకోడీ ఒక పక్కకి నెట్టి మెల్లగా నములుతున్నాడు. నా వాదనలన్నీ అయ్యాక ఆయన చేతులు తుడుచుకుని అన్నాడు: "బాగుండాదమ్మా. ఇవన్నీ చెప్తే కేసు కొట్టేస్తారా?"

"కొట్టేస్తారు" అన్నాను.

"అయితే ఇవి చెప్తే మిషన్ తప్పని తేల్తాది. బండి కదల్లేదని తేల్తాది. నేను తాగలేదని ఏడ తేల్తాది?"

చట్టానికి అది అవసరం లేదని వివరించాను. అనుమానం చాలు. ఆయన భార్య వైపు చూశాడు. ఆమె నా వైపే చూస్తోంది. "తొమ్మిదేండ్ల కిందట మానేసినానమ్మా" అన్నాడు. "ప్రతి కొత్త సంవత్సరం గుళ్ళో నిలబడి సాక్ష్యం చెప్తావుండా. దేవుడు నన్ను దాన్నుంచి విడిపించినాడని. ఇప్పుడు జనం ముందర ఏ మొగం పెట్టుకుని నిలబడేది? కోర్టు ఇడిచిపెడితే పోలీసోళ్ళు నమ్ముతారు. ఇంట్లో ఎవురు నమ్మల్ల?"

అప్పుడు సిస్టరక్క మొదటిసారి నోరు తెరిచింది. "ఏమయ్యా, పన్ను నొప్పి పోయిందన్నావా లేదా నాతో? పీకించుకోమని నెత్తీనోరూ కొట్టుకుంటే, పూర్తిగా తగ్గిపోయిందన్నావు. పన్ను గురించి అబద్ధమాడినోడివి, ఇది మాత్రం నిజమంటే నేనెట్టా నమ్మేది?" నా వైపు తిరిగి, "మిషన్ గురించి ఇంత చదివావు గదమ్మా. ఈయన తాగే రోజుల్లో ఈ ఇంటికి మిషన్ని నేనే. గుమ్మంలో అడుగుపెట్టగానే వాసన చూసేదాన్ని, ఏ కొట్లో తాగాడో కూడా చెప్పేదాన్ని" అంది.

ఆ మాట వినగానే నాకు మెరుపు మెరిసింది. ఇంతకంటే గొప్ప సాక్షి ఎక్కడ దొరుకుతుంది? రోజూ మొగుడి నోరు వాసన చూసే నర్సు. ఆ పొద్దున ఇల్లు కదిలేటప్పుడు వాసన లేదని ఆమె ఒక్క మాట చెబితే చాలు. మీరు కోర్టుకి రావాలక్కా అన్నాను. "వస్తే నిజమే చెప్తాను" అంది ఆమె. అదే కావాలన్నాను. (ఆ తర్వాత నాకు ఒక సందేహం పట్టుకుంది. భార్యాభర్తల మధ్య జరిగిన సంభాషణ కోర్టులో చెప్పకూడదని చట్టంలో ఉంది. వాసన సంభాషణ కిందికి వస్తుందా? దీని మీద నేను చేసిన పరిశోధన ఇంకెవరూ చేసి ఉండరు. రాదని తేల్చుకున్నాను. ఎవరూ అడగలేదు.)

వచ్చేముందు సిస్టరక్క ఇంకో మాట చెప్పింది. మర్నాడే ఆయన్ని పళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళి ఆ పన్ను తీయిస్తానంది. నేను కుర్చీలోంచి లేచిపోయాను. "వద్దక్కా. ఆ పన్ను మనకి సాక్ష్యం. కేసు అయ్యేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు" అన్నాను. ఆమె నన్ను కాసేపు అలాగే చూసింది. వ్యాన్ మామ ముఖం మాత్రం వెలిగిపోయింది. "లాయరమ్మ చెప్పినాక ఇంకేముండాది. చట్టం కదా" అన్నాడు. బ్రూక్‌ఫీల్డ్ వరకు బస్సులో నిలబడే వచ్చాను. నా తెలివికి నేనే మురిసిపోతూ ఉంటే కాళ్ళ నొప్పి తెలియలేదు.

ట్రాఫిక్ కోర్టులో మొదటి రోజు సరదాగానే గడిచింది. తాగి దొరికినవాళ్ళంతా వరసలో నిలబడి, పేరు పిలవగానే తప్పు ఒప్పుకుని, జుల్మానా కట్టి, ఆఫీసులకి వెళ్ళిపోతున్నారు. రేషన్ షాపు క్యూ కంటే వేగంగా కదులుతోంది. వ్యాన్ మామ వంతు వచ్చింది. జడ్జిగారు తలెత్తకుండానే "తప్పు ఒప్కొళ్తీరా?" అన్నారు. "ఇల్ల స్వామి" అని తల అడ్డంగా ఊపాడు ఈయన. క్యూ ఆగిపోయింది. గుమస్తా కలం ఆగింది. జడ్జిగారు కళ్ళజోడు సరిచేసుకుని, ముందు ఆయన్నీ తర్వాత నన్నూ చూశారు. గుమస్తా నా చెవి దగ్గరికొచ్చి, "కట్టేసి పోండి మేడం, ఊరికే తిరగడం ఎందుకు" అన్నాడు మంచిగానే. నేను గొంతు సవరించుకుని, మేము విచారణ కోరుతున్నాం అన్నాను. ఆ మాట నా గొంతులోంచి రావాల్సిన దానికంటే చాలా పెద్దగా వచ్చింది. వెనకాల ఎవరో నవ్వారు.

ఇక వాయిదాలు మొదలయ్యాయి. ఒకసారి పోలీసు రాడు, ఒకసారి జడ్జిగారు సెలవు, ఒకసారి ఫైలు ఇంకో గదిలో ఉంటుంది. నెలలు గడుస్తున్నాయి. వ్యాన్ మామ హొసకోటెలో ఒక గోడౌన్లో పెట్టెలు మోసే పనికి కుదిరాడు. ప్రతి వాయిదాకీ ఉతికిన చొక్కా వేసుకుని, ఒక చేత్తో బుగ్గ పట్టుకుని వచ్చేవాడు. బుగ్గ ఒక్కోసారి చిన్నగా, ఒక్కోసారి పెద్దగా ఉండేది. అన్నం మానేసి రాగి గంజి తాగుతున్నాడని సిస్టరక్క ఫోన్లో చెప్పింది. "ఎట్లుంది మామా?" అని నేను అడిగితే, "సాక్ష్యం భద్రంగా ఉండాదమ్మా" అనేవాడు. అందులో ఎగతాళి ఉందేమోనని ఇప్పుడు ఆలోచిస్తాను. లేదు. అంతా భక్తే.

చివరికి ఒక రోజు అందరూ కలిసొచ్చారు. పొద్దున పోలీసు సాక్ష్యం. కానిస్టేబుల్ పెద్ద పొట్ట, మంచి ముఖం ఉన్న మనిషి. ముద్దాయి స్వయంగా ఒప్పుకున్నాడని చెప్పాడు. నేను లేచాను. ముద్దాయి ఏ మాటన్నాడు అని అడిగాను. ఎణ్ణె వేసుకున్నానన్నాడు అన్నాడు.

"ఎణ్ణె అంటే ఏమిటి?"

ఆయన జాలిగా చూశాడు. "ఎణ్ణె అంటే ఎణ్ణె మేడం."

"మీ ఇంట్లో దోసె మీద వేసేదా?"

"అది ఎణ్ణె మేడం. ఇది ఎణ్ణె."

జడ్జిగారు, రెండిటికీ తేడా ఎలా తెలుస్తుందని అడిగారు. "మొగం చూస్తే తెలుస్తుంది స్వామీ" అన్నాడు కానిస్టేబుల్. "ఆ రోజు ఈయన మొగం ఎలా ఉంది?" అన్నాను. ఆయన బాగా గుర్తుచేసుకుని, "ఇట్లే ఉండె. ఒక పక్క వాచి" అన్నాడు. అని, తనే ఒక్క క్షణం ఆగిపోయాడు. మళ్ళీ ఊదించమని ఇతను అడిగాడా అంటే, అడిగాడన్నాడు. రక్తం తీయమన్నాడా అంటే, అవునన్నాడు. అబద్ధం ఆడాలని ఆయనకి తోచినట్టే లేదు. నాకు అప్పుడే కూర్చోవాలని తెలియలేదు. గెలిచిన కేసు అక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ నా ప్రధాన సాక్షి తెల్ల యూనిఫారంలో, డ్యూటీ నుంచి నేరుగా వచ్చి బయట బెంచీ మీద కూర్చుని ఉంది.

సిస్టరక్క బోనులో నిలబడి ప్రమాణం చేసింది. ఆమె గొంతు ఆ గదికి సరిగ్గా సరిపోయింది. పేరు, ఉద్యోగం అడిగి, నేను నేరుగా నా బాణం వదిలాను. "మీరు రోజూ మీ ఆయన నోరు వాసన చూస్తారు కదా?" సర్కారు వకీలు, సమాధానం లాయరుగారే చెప్పేస్తున్నారు అని అభ్యంతరం లేవదీశాడు. సరే అని ప్రశ్న మార్చాను. వాసన చూడటం గురించి చెప్పమన్నాను.

"ఒకప్పుడు చూసేదాన్నండీ. ఇప్పుడు చూడను."

నా చేతిలో ప్రశ్నలన్నీ ఆ 'చూడను' దగ్గర కూలిపోయాయి. కోర్టులో సమాధానం తెలియని ప్రశ్న వేయకూడదని మొదటి ఏడాది విద్యార్థికి కూడా తెలుసు. నేను వేశాను. "ఎందుకు?" అన్నాను.

"మానేసి చానాళ్ళయిందండీ. మానేసిన మొదటి రెండేళ్ళూ చూశాను. ఆ తర్వాత అవసరం కనపళ్ళా. ఈమధ్య నాతో ఆడిన అబద్ధమల్లా పన్ను నొప్పి పోయిందని, అదొక్కటే."

సర్కారు వకీలు చిరునవ్వుతో లేచాడు. "అంటే ఆ రోజు పొద్దున మీరు వాసన చూడలేదు. ఆయన తాగాడో లేదో మీకు తెలియదు. పైగా పంటి నొప్పి విషయంలో మీకు అబద్ధం చెప్పాడట. ఇప్పుడు తాగలేదని చెబుతున్న మాట మీరెలా నమ్ముతారు?"

ఆమె ఆయనకి ఆసుపత్రిలో రోగి బంధువుకి చెప్పినట్టు, తొందరపడకుండా చెప్పింది. "పన్ను నొప్పి పోయిందని చెప్పిన రోజే నాకు తెలుసండీ, పోలేదని. కుడిపక్క నమలటం మానేశాడు. వేడి టీ ఊదుకుని ఊదుకుని తాగాడు. నా ముఖం చూడకుండా గోడతో మాట్లాడాడు. ఈ మనిషికి అబద్ధం ఆడటం రాదు. కోపమొచ్చి ఇంట్లో నమ్మనన్నాను, అది నిజమే. కానీ తాగలేదని చెప్పేటప్పుడు ఈయన నా కళ్ళల్లోకి చూసి చెప్పాడు. ఇంక నేను వాసన చూసేదేముంది?"

జడ్జిగారికి తెలుగు బాగానే వచ్చు అని నాకు అప్పుడే తెలిసింది. ఆయన కలం కింద పెట్టి, "పోలీసుల మిషన్‌ని సరిచూసిన కాగితమే ఇంతవరకూ రాలేదు. మిమ్మల్ని ఎవరు సరిచూశారమ్మా?" అన్నారు. "కాపురమండీ" అంది ఆమె. ఆయన నవ్వు దాచుకోవడానికి ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. నేను వ్యాన్ మామ వైపు చూశాను. ఆయన బుగ్గ మీద చెయ్యి లేదు. రెండు చేతులూ వదిలేసి, భార్యనే చూస్తూ, చిన్నపిల్లాడిలా కళ్ళు తుడుచుకుంటున్నాడు. నా సాక్షి కేసుకి పనికిరాకుండా పోయిందని నేను లోలోపల ఏడుస్తున్నాను. ఆయన ఏడుపు వేరే.

తర్వాత నేను వాదన వినిపించాను. ఎంతసేపు వినిపించానో చెప్పను. 'నడపడం' అనే మాటకి ఉన్న అర్థాలన్నీ చెప్పాను. తీర్పు ఇంకో వాయిదాకి వచ్చింది. మళ్ళీ ఊదించమని అడిగినా ఊదించలేదు, రక్తపరీక్ష అడిగినా చేయలేదు, మిషన్ కాగితం పెట్టలేదు, కాబట్టి అనుమానం ముద్దాయికే దక్కాలి అని జడ్జిగారు రెండు ముక్కల్లో చెప్పి పక్క ఫైలు అందుకున్నారు. నడపడం గురించి ఒక్క మాట లేదు. ఎణ్ణె గురించి లేదు. నేను వెనక్కి తిరిగి, "మామా, గెలిచాం" అన్నాను. "అట్లనా అమ్మా, మంచిదాయ" అన్నాడు. బస్సు దొరికిందంటే అన్నంత మామూలుగా. ఆయన గెలవాల్సింది వెనకటి వాయిదాలోనే గెలిచేశాడని అర్థమవడానికి నాకు ఇంకొన్నేళ్ళు పట్టింది.

సీనియరుగారికి ఫోను చేసి చెప్పాను. అంతా విని, సంతోషమమ్మా అని, "అవునూ, ఆ పన్ను ఇంకా అట్లే పెట్టించావా? ఎక్స్‌రే తీయించి, డాక్టరు సర్టిఫికెట్ పెడితే సరిపోయేది కదా" అన్నారు. ఆ సంగతి వ్యాన్ మామకి చెప్పే ధైర్యం చాల్లేదు. (ఇది చదివితే ఆయనకి తెలుస్తుంది. ఏమీ అనడు. సిస్టరక్క అంటుంది.)

కోర్టు మెట్ల మీదే సిస్టరక్క ఆయన చెయ్యి పట్టుకుంది. పోలీసులు కూడా అంత గట్టిగా పట్టుకుని ఉండరు. "ఇంక చట్టం లేదు, ఏం లేదు. పద" అంది. ఆయన సాయం కోరుతూ నా వైపు చూశాడు. ఇంకా అప్పీలు గడువు ఉంటుంది కదమ్మా అన్నాడు ఆశగా. నేను తల అడ్డంగా ఊపాను. ముగ్గురం ఆటోలో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. నన్నెవరూ రమ్మనలేదు. గెలిచినరోజు ఒంటరిగా ఇంటికెళ్ళబుద్ధి కాక ఎక్కేశాను. కొన్నాళ్ళకి వ్యాను ఓనరు ఆయన్ని మళ్ళీ పిలిచాడు. తల్లిదండ్రుల గుంపులో ఎవరూ తప్పైందని రాయలేదు. కానీ సోమవారం పొద్దున మా అక్క పిల్లని కిందికి పంపింది. ఆ వారంలోనే వ్యాన్లో సీట్లన్నీ నిండాయి. కొత్త సంవత్సరం ఆరాధనలో ఆయన సాక్ష్యం చెప్పడానికి నిలబడితే, ఈసారి పన్ను కథ కూడా కలిసి, పాస్టరుగారు రెండుసార్లు గడియారం చూసుకునేంత పొడుగు సాగిందట.

అవన్నీ తర్వాతి మాటలు. నాకు తరచుగా గుర్తొచ్చేది మాత్రం ఆ పళ్ళ డాక్టరు ఆసుపత్రిలో ముందు గది. వాళ్ళిద్దరూ లోపలికి వెళ్ళారు. లోపల్నుంచి ఆయన కేక, వెంటనే ఆమె నవ్వు వినిపించాయి. ఆమె నవ్వగా వినడం నాకు అదే మొదలు. బయట ఇరవై నాలుగేళ్ళ పిల్ల ఒకతె, మెడలో తెల్లబ్యాండు తీయడం కూడా మరిచిపోయి, రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయికి మొదటి పరీక్షకీ రెండో పరీక్షకీ మధ్య ఎంత విరామం ఉండాలో, ఆగిన బండి బండేనా కాదా అన్నదానిలో ఎంత సూక్ష్మం ఉందో చేతులూపి వివరిస్తోంది. ఆ అమ్మాయి చాలా ఓపిగ్గా అంతా విన్నది. విని, పెన్ను తీసి, "సరే మేడం. మీకు ఏ పన్ను నొప్పి?" అంది.

ఇప్పుడైతే ఆ లాయరు పిల్ల పక్కన కూర్చుని, వీపు తట్టి, బాగా వాదించావమ్మా అని చెప్పాలనిపిస్తుంది. ఆ రోజు ఆ మాట చెప్పినవాళ్ళు ఎవరూ లేరు మరి.